పెద్దవాళ్ళ యానిమే సినిమాల్లో ముందు ఏది చూడాలి? అకీరా, పర్ఫెక్ట్ బ్లూ, పాప్రికా, బెల్లడోన్నా, రెడ్‌లైన్

పెద్దవాళ్ళు చూసే యానిమే (జపాన్ యానిమేషన్) సినిమా ఒకటి చెప్పమని ఎవరడిగినా చాలామంది ఆలోచించకుండా ‘అకీరా’ అనేస్తారు. గొప్ప సినిమానే, అందులో వాదన లేదు. కానీ ఇప్పుడిప్పుడే యానిమే రుచి చూస్తున్నవాళ్ళకి నేరుగా అకీరా పెడితే సగం మంది గంట దాటాక ఫోన్ తీస్తారు, మిగతా సగం మంది చివరిదాకా ఓపిగ్గా చూసి ‘బాగుంది కానీ ఏం జరిగిందో అర్థం కాలేదు’ అంటారు. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ క్యాజిల్ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకి వచ్చాక, ఆ కత్తియుద్ధాలు చూసి మతిపోయి, ‘ఇంకా గట్టి సరుకు ఏముంది’ అని వెతుక్కునేవాళ్ళు నాకు చాలామంది తగులుతున్నారు. ఇది వాళ్ళ కోసం.

ఐదు సినిమాలు తీసుకున్నాను. ఐదూ కంటికి దిమ్మతిరిగేలా ఉంటాయి, ఐదూ పిల్లలకి కావు. ఐతే దిమ్మతిరిగే తీరు ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది, పిల్లలకి పనికిరాకపోవడానికి కారణం కూడా అంతే. ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి ఈ రెండే. ఏది ఆల్‌టైమ్ బెస్ట్, ఏది ఎన్నో ర్యాంకు అన్న గొడవ మీకనవసరం, ఆ లిస్టులు రాసేవాళ్ళలో సగం మందికి బెల్లడోన్నా పేరు కూడా తెలియదు.

ముందు ‘ఏ’ సర్టిఫికెట్ సంగతి

పెద్దవాళ్ళకి మాత్రమే అనగానే మనకి రక్తమో శృంగారమో గుర్తొస్తుంది. రెండూ ఉన్నాయి, మోతాదులే వేరు. అకీరాలో మనుషులు చిట్లిపోతారు, ఒక అమ్మాయి మీద రోడ్డుమీద దాడి జరుగుతుంది, చివర్లో ఒక కుర్రాడి ఒళ్ళు వాడి చెప్పుచేతల్లోంచి జారిపోయి మాంసపు కొండలా ఉబ్బిపోతుంది. రెడ్‌లైన్‌లో కాస్త నగ్నత్వం, బోలెడన్ని పేలుళ్ళు ఉన్నాయి గానీ ఏదీ మనసులో ముల్లులా దిగబడదు. పాప్రికాలో చూపించేది తక్కువే, కానీ కలలో ఒక ఆడమనిషిని సీతాకోకచిలుకలా బల్లకి గుచ్చి ఆమె మీద చెయ్యేసే సీను ఒకటుంది, అది చూడటం కష్టమే. ఇక పర్ఫెక్ట్ బ్లూ, బెల్లడోన్నా రెండూ లైంగిక హింస చుట్టూ అల్లిన కథలు, ఆ సీన్లు దాటేసి చూద్దామంటే కుదరదు, దాటేస్తే సినిమానే మిగలదు. మీకు అలాంటివి పడవనుకుంటే ఆ రెండూ ఇప్పుడే పక్కన పెట్టేసి రెడ్‌లైన్ దగ్గరికో పాప్రికా దగ్గరికో వెళ్ళిపోండి, దాంట్లో తక్కువతనం ఏమీ లేదు.

ఇంకో మాట. ఇంట్లో హాల్లో టీవీ మీద, అత్తగారు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుండగా పెట్టే సినిమాలు కావివి. ‘కార్టూనే కదా’ అని పిల్లలు వచ్చి పక్కన కూర్చుంటారు, అప్పుడు రిమోట్ ఎక్కడుందో కనపడి చావదు.

నా ఓటు పర్ఫెక్ట్ బ్లూకి

1997 సినిమా, దర్శకుడిగా సతోషి కోన్‌కి మొదటిది, మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది. నిడివి 81 నిమిషాలు. మన సినిమాకి ఇంటర్వెల్ పడే టైముకి ఇది అయిపోతుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను దీన్నే చెప్పడానికి ఇదో కారణం.

మిమా అనే అమ్మాయి ముగ్గురమ్మాయిల పాప్ గ్రూపులో పాడుతుంటుంది. పాటలతో పెద్దగా డబ్బులు రావట్లేదని ఏజెన్సీవాళ్ళు ఆమెని సీరియల్ నటిగా మారుస్తారు. మొదటి రోజు షూటింగ్‌లో ఆమెకి ఉన్నది ఒకే ఒక్క డైలాగు, ‘ఎవరు మీరు?’ అని. షాట్‌కి ముందు నిలబడి దాన్నే లోలోపల మళ్ళీ మళ్ళీ గొణుక్కుంటుంది. మొదటిసారి చూసేటప్పుడు అది కొత్త నటి కంగారులా అనిపిస్తుంది, గంట తర్వాత ఆ ప్రశ్నే సినిమా మొత్తాన్ని మింగేస్తుంది.

ఇంటర్నెట్ అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న రోజులు. ఎవరో ‘మిమా గది’ అని ఒక సైటు పెట్టి ఆమె రాస్తున్నట్టే డైరీ రాస్తుంటారు. ఏ సరుకు కొంది, ట్రైన్ దిగేటప్పుడు ముందు ఏ కాలు పెట్టింది, అన్నీ ఉంటాయి. చదివి మొదట నవ్వుతుంది, తర్వాత ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయే క్షణం చూడండి, అక్కడ రక్తం లేదు, కత్తి లేదు, కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక అమ్మాయి మాత్రమే ఉంది, అయినా నాకు ఈ ఐదు సినిమాల్లోకీ ఎక్కువ భయం వేసిన చోటు అదే. హీరోయిన్ల పేరుతో ఫేక్ అకౌంట్లు నడిపేవాళ్ళని, ఒక పాత్ర వేసినందుకు కామెంట్లలో బూతులు తిట్టేవాళ్ళని రోజూ చూస్తున్న మనకి ఈ సినిమా పాతబడే ప్రసక్తే లేదు.

కష్టమైన సీను ఇదీ: సీరియల్లో ఆమె పాత్ర మీద అత్యాచారం జరిగే షూటింగ్. నటన అని మనకి తెలుసు, ఆమెకీ తెలుసు. మధ్యలో ‘కట్’ అంటారు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగుతారు, మీదున్న నటుడు చిన్న గొంతుతో ఆమెకి ‘సారీ’ చెప్తాడు, ఆమె ఫర్వాలేదంటుంది, మళ్ళీ ‘యాక్షన్’. ఆ సారీ వల్ల సీను తేలికవ్వదు సరికదా రెట్టింపు బరువవుతుంది. తర్వాత ఇంటికొచ్చి గదిలో అక్వేరియం చూసుకుని ఆమె ఏడ్చే తీరు చూస్తే, ఇది ఆ హింసని అమ్ముకునే సినిమా కాదని అర్థమవుతుంది. ఐనా చూడటం కష్టమే, అది ముందే తెలిసి కూర్చోవాలి.

బొమ్మల సంగతికొస్తే, ఈ ఐదింటిలో డబ్బు తక్కువ కనపడేది దీంట్లోనే. కొన్ని చోట్ల వెనకున్న జనానికి ముఖాలు కూడా సరిగ్గా గీయలేదు. దీని ధైర్యమంతా కత్తెరలో ఉంది. మిమా మంచం మీద లేస్తుంది, షూటింగ్‌కి వెళ్తుంది, ఏదో ఘోరం జరుగుతుంది, మళ్ళీ అదే మంచం మీద లేస్తుంది. ఏది సీరియల్ సీను, ఏది కల, ఏది నిజం అన్నది ఒక్కో కట్‌తో జారిపోతూ ఉంటుంది. ఏ కెమెరాతోనైనా తీయగల కథ కదా, యానిమేషన్ ఎందుకు అని కొందరడుగుతారు. నిజం, కల రెండూ ఒకే చేత్తో గీసిన ఒకే రకం బొమ్మలు కాబట్టే మనకి అతుకు కనపడదు, అందుకే.

అదే దర్శకుడిది, కాస్త నవ్వుతూ: పాప్రికా

2006, 90 నిమిషాలు, యసుటకా త్సుత్సుయి నవల ఆధారం, ఆ ఏడాది వెనిస్ ఫెస్టివల్‌లో పోటీలో ఉంది. వేరేవాళ్ళ కలల్లోకి వెళ్ళే పరికరం దొంగతనం అవుతుంది, దాంతో ఎవరి కలలు ఎవరి బుర్రలోకి దూరుతున్నాయో తెలియకుండా పోతుంది. కలల్లోకి దూరే కథతోనే వచ్చిన హాలీవుడ్ సినిమా ఇన్‌సెప్షన్ కంటే నాలుగేళ్ళ ముందు వచ్చింది, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలికలు తీసే వీడియోలు కోకొల్లలు, ఆ కాపీ గొడవలోకి నేను వెళ్ళను. తేడా మాత్రం ఒకటి చెప్తాను. అక్కడ కలలు ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లా నీట్‌గా ఉంటాయి, ఇక్కడ నిజంగా మనకొచ్చే కలల్లాగా అసందర్భంగా, సిగ్గు లేకుండా ఉంటాయి.

టైటిల్స్ పడే రెండు మూడు నిమిషాలు చూస్తే చాలు మీకిది పడుతుందో లేదో తెలిసిపోతుంది. పాప్రికా అనే అమ్మాయి రాత్రి ఊళ్ళో హోర్డింగుల్లోంచి స్క్రీన్లలోకి, స్క్రీన్లలోంచి ఒక కుర్రాడి టీషర్ట్ మీది బొమ్మలోకి దూకుతూ పోతుంది, ఎక్కడా ఆగదు, వెనక సుసుము హిరసావా సంగీతం ఉరకలేస్తుంటుంది. తర్వాత వచ్చే ఊరేగింపు సంగతి చెప్పక్కర్లేదు: ముందు ఫ్రిజ్జులు, వెనక వాయిద్యాలు వాయించే కప్పలు, బొమ్మలు, దేవాలయాల తోరణాలు, అన్నీ కాగితం ముక్కల వానలో నడుచుకుంటూ వస్తాయి. చూడ్డానికి పండగలా ఉంటుంది, కాసేపటికి ఆఫీసు బట్టల్లో ఉన్న మనుషులు నవ్వుతూ మేడ మీంచి వరసగా దూకుతారు. నవ్వాలా భయపడాలా అని మనం తేల్చుకునే లోపు సీను మారిపోతుంది.

బలహీనత కూడా ఉంది. విలన్ ఎవరు, ఎందుకు చేశాడు అన్న భాగం పేలవం. చివరి పది నిమిషాలు బొమ్మల జోరులో కొట్టుకుపోవాలే గానీ లాజిక్ అడిగితే దెబ్బతింటారు. కోన్ పూర్తిచేసిన ఆఖరి సినిమా ఇదే, 2010 ఆగస్టులో 46 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయాడు.

పర్ఫెక్ట్ బ్లూ, పాప్రికా రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే: థ్రిల్లర్లు ఇష్టమై, సినిమా అయ్యాక రెండు గంటలు నిద్ర పట్టకపోయినా ఫర్వాలేదనుకుంటే మొదటిది. కళ్ళకి విందు కావాలి, మనసుకి మరీ అంత భారం వద్దు అంటే రెండోది. రెండూ ఒకే రాత్రి మాత్రం పెట్టుకోకండి.

అకీరా ఎప్పుడు చూడాలి

కట్సుహిరో ఒటోమో 1988లో తీశాడు, 124 నిమిషాలు. మూడో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 2019లో నియో టోక్యో అనే ఊళ్ళో, రాత్రిళ్ళు బైకులేసుకుని కొట్టుకునే కుర్రాళ్ళ కథగా మొదలవుతుంది. వాళ్ళలో టెట్సువో అనేవాడికి అంతుపట్టని శక్తులు వస్తాయి. చిన్నప్పటినుంచీ స్నేహితుడు కనెడా నీడలో బతికినవాడికి ఒక్కసారిగా అంత బలం చేతికొస్తే ఏమవుతుందో అదే కథ. దీన్ని పట్టుకుని చూస్తే సినిమా సూటిగానే ఉంటుంది. చుట్టూ ఉన్న సైన్యం, ఉద్యమకారులు, స్వాములు, రహస్య ప్రయోగాలు అన్నీ అర్థం చేసుకోవాలని కూర్చుంటేనే చిక్కు. దానికి కారణముంది. ఒటోమో తన సొంత మాంగానే (జపాన్ బొమ్మల కథల పుస్తకం) సినిమాగా తీశాడు, ఆ మాంగా ఆరు లావుపాటి సంపుటాలు, పైగా సినిమా వచ్చేనాటికి ఇంకా పూర్తి కాలేదు, 1990 దాకా నడిచింది. అంత కథని రెండు గంటల్లో కుక్కితే గాలాడదు.

మరి ఎందుకు చూడాలి? రాత్రి కోసం. సాధారణంగా యానిమేషన్‌లో రాత్రి అంటే అంతా నీలం పులిమేస్తారు, పని సులువు కాబట్టి. ఇందులో రాత్రి ఎర్రగా, ఆకుపచ్చగా, నియాన్ వెలుగుతో ఉంటుంది. మొత్తం 327 రంగులు వాడారని, వాటిలో 50 కొత్తగా తయారుచేయించారని ఈ సినిమా గురించి రాసే ప్రతివాళ్ళూ చెప్తారు. చేత్తో వేసిన సెల్స్, అంటే బొమ్మలు వేసే పారదర్శక షీట్లు, 1,60,000 పైమాటే. అంకెలు పక్కన పెట్టండి, బైకు మలుపు తిరిగినప్పుడు వెనక లైటు గాల్లో ఎర్రటి చారలా ఒక్క క్షణం నిలిచిపోతుంది చూడండి, ఆ చార కోసమే టికెట్ డబ్బులు ఇచ్చేయొచ్చు. కనెడా తన ఎర్ర బైకుని అడ్డంగా జార్చి ఆపే షాట్‌నైతే ఆ తర్వాత ఎన్ని యానిమేల్లో దించుకున్నారో లెక్క లేదు.

భయపెట్టే చోట కూడా దీని తీరు వేరు. ఆస్పత్రి గదిలో టెట్సువో మంచం మీద బొమ్మ ఎలుగుబంటి, కుందేలు, బొమ్మ కారు మెల్లగా ఎక్కుతాయి, పెద్దవవుతాయి, వాటి ఒంట్లోంచి పాలు కారుతుంటాయి. పిల్లల బొమ్మలతో ఇంత ఏవగింపు పుట్టించొచ్చని ఆ సీను చూసేదాకా అనుకోం.

కాబట్టి అకీరా మీ రెండోదో మూడోదో కావాలి, అదీ పెద్ద స్క్రీన్ మీద. ఫోన్‌లో వద్దు, బస్సులో అసలొద్దు. ఎవరింట్లోనైనా ప్రొజెక్టర్ ఉంటే వాళ్ళతో స్నేహం చేసుకోండి.

బెల్లడోన్నా ఆఫ్ సాడ్‌నెస్: ఇది వేరే దారి

1973లో ఎయిచి యమమోటో తీసిన సినిమా. పేరున్న మాంగా రచయిత ఒసాము తెజుకా పెట్టిన ముషి ప్రొడక్షన్ పెద్దవాళ్ళ కోసం తీసిన మూడు సినిమాల్లో ఆఖరిది, బెర్లిన్ ఫెస్టివల్‌కి వెళ్ళింది, జపాన్‌లో ఆడలేదు, ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది. కథ జపాన్‌ది కాదు, జూల్స్ మిషెలే అనే ఫ్రెంచి చరిత్రకారుడు 1862లో మంత్రగత్తెల మీద రాసిన పుస్తకంలోంచి తీసుకున్నది. మధ్యయుగంలో ఒక పల్లె, జాన్ అనే పేద రైతు కుర్రాడు, జీన్ అనే అమ్మాయి, పెళ్ళిరోజే పన్ను కట్టలేదని దొర ఆమెని చెరుస్తాడు. తర్వాత దయ్యం ఆమె దగ్గరికి చిటికెనవేలంత రూపంలో వచ్చి బేరం పెడుతుంది, ఆమె బాధతో పాటే అదీ పెరుగుతుంది.

అసలు విషయం, ఇందులో బొమ్మలు చాలాసేపు కదలవు. కుని ఫుకాయ్ వాటర్‌కలర్లో వేసిన పొడవాటి చిత్రాల మీదుగా కెమెరా పాకుతూ పోతుంది, పక్కన మసహికో సాటో జాజ్. యానిమే అంటే వేగం అని అలవాటైనవాళ్ళకి మొదటి పావుగంట ‘ఏంటిది, బఫర్ అవుతోందా’ అనిపిస్తుంది. అత్యాచారం సీనుని నేరుగా చూపించకుండా, ఆమె ఒళ్ళు కింద నుంచి ఎర్రగా రెండుగా చీలిపోయి, ఆ ఎరుపంతా గబ్బిలాలై ఎగిరిపోయినట్టు వేశారు. ఏ నగ్న దృశ్యమూ ఇంత నొప్పి చూపించలేదు. ఐతే అదే సినిమా మరో చోట ఆమె నగ్నత్వాన్ని చాలా తీరిగ్గా, ఇష్టంగా చూస్తుంది, ఆ రెండూ నాకు ఇప్పటికీ పొసగవు. ఆడదాని కోపం గురించిన సినిమానా, మగవాళ్ళు చూసుకోవడానికి తీసిన సినిమానా అన్న వాదన దీనిమీద ఇంకా నడుస్తూనే ఉంది, చూశాక మీరూ ఏదో ఒక వైపు చేరతారు.

మీకు బొమ్మలు వేయడం వచ్చా, ఆర్ట్ గ్యాలరీల్లో నిలబడి చూసే ఓపికుందా, అయితే ఇది ముందు చూసినా తప్పులేదు. లేకపోతే ఆఖర్న పెట్టుకోండి. పాత మసక ప్రింట్లు ఇంకా తిరుగుతున్నాయి, వాటిని చూసి టైం పాడుచేసుకోకండి, 4కె రిస్టోరేషన్ దొరికితేనే చూడండి.

నలుగురు చేరితే రెడ్‌లైన్

దీని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, మంచి అర్థంలోనే అంటున్నాను. టకేషి కొయికె దర్శకుడు, ఇది కూడా మ్యాడ్‌హౌస్‌దే, 2009లో లొకార్నో ఫిల్మ్ ఫెస్టివల్‌లో మొదట వేశారు, మరుసటి ఏడాది జపాన్‌లో విడుదలైంది. తయారీకి ఏడేళ్ళు, చేత్తో గీసిన బొమ్మలు 1,00,000. కథ ఒక్క లైను: ఎత్తుగా దువ్విన జుట్టుతో జేపీ అనే రేసరు, గ్రహాల మధ్య జరిగే కార్ల పోటీ, ఆ రేసు మా గ్రహం మీద వద్దు అని మిసైళ్ళు పెట్టుకుని కూర్చున్న సైన్యం. అంతే. మనం మాస్ సినిమాకి ఎలా వెళ్తామో అలాగే వెళ్ళాలి, లాజిక్ ఇంట్లో పెట్టేసి. జేపీ నైట్రో నొక్కగానే కారు, ముఖం, కళ్ళు అన్నీ రబ్బరులా సాగిపోతాయి, నల్లటి ఇంకు నీడలు తెర మీద కత్తుల్లా పడతాయి. మొదటి రేసు పది నిమిషాలు చూసి మీ ఫ్రెండ్స్‌లో ఎవరికీ కేక వేయాలనిపించకపోతే ఆపేసి భోజనానికి వెళ్ళండి.

ఘోస్ట్ ఇన్ ద షెల్ ఎందుకు లేదని అడగబోతున్నారని తెలుసు. 1995లో మమోరు ఒషీ తీసిన సినిమా, వాన తడుపుతున్న ఊరి మీదుగా మాటల్లేకుండా సాగే ఆ భాగం నాకు ప్రాణం. కానీ మిగతాది ఎక్కువగా మాటలు, అదీ ఆత్మ, శరీరం, జ్ఞాపకం గురించి గబగబా సాగే సబ్‌టైటిల్స్. తత్వం ఇష్టమైతే అకీరా కంటే ముందు అదే చూడండి, కాకపోతే దాని జోలికి ఇప్పుడే వెళ్ళక్కర్లేదు.

డబ్బింగా, సబ్‌టైటిల్సా

తెలుగు డబ్బింగ్ వస్తుందేమో అని ఆగితే ఇవన్నీ ఆగిపోతాయి. రెడ్‌లైన్ ఏ భాషలో చూసినా నష్టం లేదు, ఇంజన్ చప్పుళ్ళకి భాష ఏంటి. బెల్లడోన్నాలో మాటలే తక్కువ. పాప్రికాలో ఒకేసారి బొమ్మలూ సబ్‌టైటిల్సూ పట్టుకోలేకపోతే రెండోసారి చూసేటప్పుడు కింద చదవడం మానేయండి, ఏమీ పోదు. పర్ఫెక్ట్ బ్లూ మాత్రం జపనీస్‌లోనే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, అభిమానుల ముందు మిమా గొంతు ఎలా ఉంటుందో, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో గమనిస్తూ చూడండి.

అకీరాకి ఇంగ్లీష్ డబ్బింగ్‌లు రెండున్నాయి, ఒకటి ఎనభైల చివర్లోది, ఇంకోటి 2001లోది. రెండూ వద్దంటాను. అప్పట్లో జపాన్‌లో మామూలుగా బొమ్మలు గీసి తర్వాత గొంతులు పెట్టేవాళ్ళు, దీనికి మాత్రం గొంతులు ముందు రికార్డు చేసి, ఆ మాటలకి తగ్గట్టు పెదాలు గీశారు. కనెడా, టెట్సువో శిథిలాల మధ్య ఒకరి పేరు ఒకరు అరుచుకునేటప్పుడు నోరు, గొంతు, ముఖం ఒక్కటై ఉంటాయి, ఇంగ్లీష్ పెడితే ఆ కష్టమంతా దండగ. ఇక సంగీతం గెయినో యమషిరోగుమి అనే బృందానిది, రకరకాల ఉద్యోగాలు చేసుకునే వందలాది మంది కలిసి పాడే గుంపు అది, బాలి ద్వీపపు వెదురు వాయిద్యాలు ఒక పక్క, జపాన్ నోహ్ నాటకాల గొంతులు ఇంకో పక్క. టీవీ స్పీకర్లలో అది సగం కూడా వినపడదు, మంచి హెడ్‌ఫోన్స్ లేకపోతే ఆ రాత్రికి అకీరా వాయిదా వేసి పాప్రికా పెట్టుకోండి.